టీబీ అన్నారు, ఇప్పుడు క్రోన్స్ అంటున్నారు

పొట్ట, పేగుల జబ్బుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు హనుమకొండ డాక్టరు గారి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది జమ్మికుంట దగ్గర పల్లె. మా అబ్బాయికి 24 ఏళ్లు, జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాడు. ఏడాదిన్నర నుంచి కడుపునొప్పి. తిన్న గంటకు కుడివైపు కింద మొదలవుతుంది, పొట్టలో ఉండలాగా లేచి గుడగుడమని దిగిపోతుంది అంటాడు. రోజుకు ఐదారు విరేచనాలు, రాత్రి నిద్రలో కూడా లేవాల్సిందే. 66 కిలోలుండేవాడు, 52కు వచ్చాడు. మొదట మా ఊరి ఆర్‌ఎంపీ గ్యాస్ అని గోళీలిచ్చాడు. తర్వాత మలద్వారం పక్కన గడ్డ లేచి చీము పట్టింది. మొలలని ఒకచోట కోశారు, ఆ పుండు ఇప్పటికీ మానలేదు. మోకాళ్ల నొప్పులకు ఎముకల డాక్టరు నొప్పి గోళీలు రాశారు. చివరికి వరంగల్‌లో కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేసి, పేగులో పుండ్లున్నాయి, టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. మూడు నెలలైంది. మొదటి నెల ఆకలి పుట్టింది, కాస్త కోలుకున్నాడు, మళ్లీ మామూలే. హైదరాబాద్‌లో చూపిస్తే టీబీ కాదు, క్రోన్స్ అంటున్నారు. టీబీ మందులు ఆపమంటారా? ఎవరి మాట నమ్మాలి? వాడు చపాటా మిర్చి కారం లేనిదే ముద్ద ఎత్తడు, దానివల్లే వచ్చిందని మా ఆడబిడ్డ అంటుంది. నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు మందుల మాట. టీబీ గోళీలు మీ అంతట మీరు ఆపకండి. ఆపాలో వద్దో తేల్చే పరీక్ష ఒకటుంది, దానికి సరిగ్గా ఇదే సమయం. అక్కడికి వస్తాను.

మీరు రాసినంత వరుసగా పెద్ద దవాఖానల కేసు షీట్లు కూడా ఉండవు. ఒక్కసారి మీ ఉత్తరం మీరే మళ్లీ చదవండి. ఆర్‌ఎంపీకి గ్యాస్ కనపడింది. కోసినాయనకు గడ్డ కనపడింది. ఎముకల డాక్టరుకు మోకాళ్లు కనపడ్డాయి. ఎవరికి వాళ్లు చీటీ రాసిచ్చారు, ఆ చీటీలన్నీ ఒకే బల్ల మీద పరిచి చూసినవాళ్లు చాలాకాలం లేకపోయారు. క్రోన్స్ దొరికేది అలా పరిచి చూసినప్పుడే. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక మామూలు కారణం దొరుకుతుంది.

అసలు ఇదేం జబ్బు అంటే, బయటి క్రిములతో పోట్లాడాల్సిన మన రక్షణ వ్యవస్థ పేగు మీదికే తిరగబడటం. అంటుకోదు. దిష్టి కాదు. పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర కొంత, పేగులో బతికే సూక్ష్మజీవుల పాత్ర కొంత, బీడీ సిగరెట్ లాంటివాటి పాత్ర కొంత. ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య బయటపడుతుంది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు కానీ, చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటంటే దానికి ఇష్టం. మీవాడికి కుడివైపు కింద నొప్పి వస్తున్నది అందుకే. దీని దాయాది అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరతో ఆగుతుంది, గోడకు సున్నం పెచ్చులూడినట్టు. క్రోన్స్ ఇటుకల దాకా పోతుంది. గోడ మందమంతా వాచి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ చోట దారి ఇరుకవుతుంది. లేదంటే గోడకు తూటు పడి పక్క పేగులోకో, చర్మం మీదికో చీము దారి చేసుకుంటుంది. మలద్వారం పక్కన మానని ఆ పుండును మనవాళ్లు భగందరం అంటారు. భగందరాలన్నీ క్రోన్స్ వల్ల రావు. కానీ కుర్రవాడికి భగందరంతో పాటు నెలల తరబడి విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే, కత్తి పట్టుకునే ముందు పేగు లోపల చూడాలి. లోపలి జబ్బు అణగకుండా బయట ఎన్నిసార్లు కోసినా మానదు.

మీవాడు చెప్పిన ఉండ గురించి కాస్త చెప్పాలి. ఇలా చెప్పేవాళ్లను నేను బల్ల మీద పడుకోబెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని, చెయ్యి వేయకుండా కాసేపు ఊరికే చూస్తాను. మనిషి బక్కగా ఉంటే బొడ్డు పక్కన చర్మం కింద ఏదో పాకినట్టు మెల్లగా లేస్తుంది, గట్టిపడుతుంది, అతను మోకాళ్లు పొట్టకు ముడుచుకుంటాడు. కాసేపటికి పక్కన నిలబడ్డవాళ్లకు కూడా వినపడేలా గుడగుడ చప్పుడు. ఉండ మాయం, ముఖం తేటపడుతుంది. ఇరుకైన చోటు నుంచి తిండిని ముందుకు నెట్టడానికి వెనకున్న పేగు పడే తంటా అది. గ్యాస్ గోళీకి లొంగేది కాదు. అయితే పేగు టీబీలోనూ అచ్చం ఇలాగే ఉంటుంది. కాబట్టి దీన్నిబట్టి లోపల దారి ఇరుకైందని చెప్పగలను గానీ, జబ్బు పేరు చెప్పలేను.

మోకాళ్లకూ పేగుకూ సంబంధం ఏమిటని మీకు అనిపించి ఉంటుంది. క్రోన్స్ ఉన్నవాళ్లలో కొందరికి కీళ్లు వాస్తాయి, కన్ను ఎర్రబడి మంట పుడుతుంది, మోకాళ్ల కింద కాళ్ల ముందు భాగంలో ఎర్రటి నొప్పి గడ్డలు లేస్తాయి, నోట్లో పుండ్లు మాని మళ్లీ మళ్లీ వస్తాయి. ఇవి జబ్బుకు పొట్ట బయట కనిపించే ఆనవాళ్లు. మీవాడికి కంటి సమస్యో, నోటిపూతో వచ్చి పోయాయేమో అడిగి చూడండి. పొట్ట డాక్టరుకు ఇవి చెప్పాలని ఎవరికీ తోచదు. ఇక ఆ నొప్పి గోళీలు, అంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు, వెంటనే పక్కన పెట్టించండి. అవి పేగులో సొంతంగా పుండ్లు చేస్తాయి, ఉన్న జబ్బును రేపుతాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు కదా అని తెచ్చుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. టీబీయా, క్రోన్సా?

మొదట టీబీ మందులు పెట్టిన డాక్టరును తప్పుపట్టకండి. మన దగ్గర చిన్నపేగు చివర పుండ్లు కనపడితే టీబీ అనుమానం రాకపోతేనే తప్పు. రెండూ కూర్చునేది ఒకే చోట, రెండింటిలోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, దారి ఇరుకవడం. ఈ గందరగోళం మనకొక్కరికే పరిమితం కాదు. స్కాట్లండ్ సర్జన్ డాల్జీల్ 1913లో ఇలాంటి పేగుల గురించి రాస్తూ, చూస్తే టీబీలాగే ఉంది గానీ టీబీ కాదని తేల్చాడు. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల వివరాలతో వ్యాసం అచ్చు వేసినప్పుడూ ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల వరుసలో వేశారు కాబట్టి మొదటివాడి పేరు జబ్బుకు అంటుకుంది. లేకుంటే ఇవాళ మీరు నాకు గింజ్‌బర్గ్ జబ్బు గురించి రాసేవారు.

తేడా పట్టుకోవడానికి మేం చూసేవి కొన్ని. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, పొట్టలో నీరు, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ ఉంటే టీబీ వైపు మొగ్గుతాం. నెలల తరబడి వస్తూ పోతూ ఉండే విరేచనాలు, మలంలో రక్తం, కీళ్లనొప్పులు, మలద్వారం దగ్గర చీము దారులు ఉంటే క్రోన్స్ వైపు. కొలనోస్కోపీలో టీబీ పుండు పేగును చుట్టూ కడియంలా పట్టుకునేది ఎక్కువ. క్రోన్స్ పుండ్లు పేగు పొడవునా నిలువుగా, మధ్యలో మంచి పేగును వదిలి వదిలి ఉంటాయి. ముక్క తీసి బయాప్సీకి (సూక్ష్మదర్శిని కింద చూడటానికి), జీన్‌ఎక్స్‌పర్ట్‌కు (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్షకు), టీబీ కల్చర్‌కు (క్రిమిని పెంచి చూడటానికి) పంపుతాం. వీటిలో టీబీ క్రిమి దొరికితే గొడవ లేదు. దొరకకపోతే టీబీ లేదని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే పేగు టీబీలో క్రిములు తక్కువ, చాలామందిలో పరీక్షకు చిక్కవు. ఇంతా చూశాక కూడా కొంతమంది మధ్యలోనే మిగిలిపోతారు. అలాంటివాళ్లకు టీబీ మందులు పెట్టి చూడటం మన దేశంలో ఒప్పుకున్న పద్ధతే. రెంటిలో ముందు టీబీకి ఎందుకు ఇస్తామంటే, క్రోన్స్ అనుకుని రక్షణ వ్యవస్థను అణిచే స్టెరాయిడ్లు ఇచ్చాక అది టీబీ అని తేలితే ఒళ్లంతా పాకుతుంది.

కానీ పెట్టి చూడటం అన్నాక చూడాలి కదా! చాలామంది విషయంలో చెడేది ఇక్కడే. మందులు మొదలుపెడతారు, ఆరు నెలలు, తొమ్మిది నెలలు, ఏడాది అలా పొడిగిస్తూ పోతారు, లోపల మళ్లీ చూడరు. ఆకలి వేసింది, కిలో పెరిగాడు అన్నది లెక్కలోకి రాదు. క్రోన్స్ ఉన్నవాళ్లలో కూడా కొందరికి టీబీ మందులతో మొదట్లో హాయిగా అనిపిస్తుంది, పుండ్లు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే రెండు మూడు నెలల దగ్గర కొలనోస్కోపీ మళ్లీ చెయ్యాలి. టీబీ అయితే ఈపాటికి పుండ్లు మానిపోతూ కనిపించాలి. మానుతుంటే ఆరు నెలల కోర్సు పూర్తి చేయించండి. ఏమాత్రం మారకపోతే అది క్రోన్స్ కావచ్చు, మందులకు లొంగని టీబీ కూడా కావచ్చు. అప్పుడు తీసిన ముక్కలను మళ్లీ కల్చర్‌కు పంపాలి. మీవాడికి మూడు నెలలు నిండాయి. ఈ పరీక్ష అయ్యాకే ఇద్దరు డాక్టర్లలో ఎవరిది సరైన మాటో తేలుతుంది. మీ ఉత్తరంలోని లక్షణాలు నన్ను అడిగితే క్రోన్స్ వైపే తూగుతున్నాయి. అయినా ఉత్తరం చూసి మందు మార్చకూడదు.

వెళ్లేటప్పుడు పాత కొలనోస్కోపీ ఫోటోలు, బయాప్సీ రిపోర్టు తీసుకెళ్లండి. వీలైతే బయాప్సీ గాజు స్లైడ్లు కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి, ఇంకొకరితో చదివించవచ్చు. చాలామంది వీటిని ఇంట్లో పెట్టి, మందుల డబ్బాలు మాత్రం సంచినిండా తెస్తారు. చిన్నపేగు మొత్తం చూడటానికి సీటీ లేదా ఎమ్మారై ఎంటరోగ్రఫీ రాస్తారు. భగందరానికి ఆ భాగం ఎమ్మారై వేరుగా ఉంటుంది. రక్తంలో హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందో చెప్పేది), ఆల్బుమిన్ అనే ప్రొటీన్, బీ12 విటమిన్ చూస్తారు. బీ12ను పీల్చుకునేది చిన్నపేగు చివరే కాబట్టి అక్కడ జబ్బుంటే అది పడిపోతుంది, అప్పుడు ఇంజెక్షన్లు అవసరం.

క్రోన్స్ అని తేలితే? పూర్తిగా పీకిపారేసే మందు లేదు. అణిచిపెట్టే మందులు బాగానే ఉన్నాయి. పేగు వాపు ఎక్కువగా ఉన్నప్పుడు కొద్దికాలం స్టెరాయిడ్లు, తర్వాత ఏళ్ల తరబడి అజాథయోప్రిన్ లాంటి మాత్రలు, లేదా ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లు. భగందరం ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్లు ముందుగానే ఆలోచిస్తారు. వీటికి ముందు కూడా దాగి ఉన్న టీబీ కోసం వెతకాలి. ఖర్చు ఎక్కువే. మన దేశంలో తయారయ్యే రకాలు వచ్చాక కొంత దిగింది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి ఆ పథకంలో ఏది కవర్ అవుతుందో ముందే అడగండి, బిల్లు కట్టాక కాదు. ఒకవేళ టీబీయే అని తేలితే మందులు ప్రభుత్వ దవాఖానలో ఉచితం. టీబీ రోగుల ప్రభుత్వ జాబితా నిక్షయ్‌లో పేరు నమోదై ఉంటే పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఖాతాలో పడతాయి.

చపాటా మిర్చికి ఈ జబ్బుతో ఏ సంబంధం లేదు. దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ అని మిరప పండించే ప్రాంతంవాళ్లకు నేను చెప్పాలా! జబ్బు రేగినప్పుడు ఏ కారమైనా మంట పెంచుతుంది కాబట్టి తగ్గించమంటాం, అంతే. దారి ఇరుకుగా ఉన్నన్నాళ్లు పీచు ఎక్కువున్నవి, గింజలున్నవి వద్దు. జొన్న గట్క, మక్క కంకులు, సీతాఫలం, మునక్కాయ పిప్పి, పల్లీలు అక్కడ చిక్కుకుంటాయి. మెత్తటి అన్నం, పెసరపప్పు, గుడ్డు, చేప, పెరుగు పెట్టండి. పెరుగు మానిపించేవాళ్లు ఎక్కువయ్యారు, ఒంటికి పడితే మానిపించాల్సిన పనిలేదు. బీడీ, సిగరెట్ అలవాటుంటే మాత్రం బతిమాలైనా కొట్లాడైనా మానిపించండి. క్రోన్స్‌ను ఎగదోసేవాటిలో అది ముందు వరుసలో ఉంటుంది.

పొట్ట ఉబ్బిపోయి, వాంతులవుతూ, గాలి కూడా పోకుండా ఉంటే, లేదా చలిజ్వరంతో పొట్ట గట్టిపడితే తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రైనా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరలోని పెద్ద దవాఖానకో తీసుకెళ్లండి. భద్రకాళి అమ్మవారికి మొక్కుకోవడానికి నేను అడ్డు చెప్పను. మొక్కు తీరేదాకా పరీక్ష వాయిదా వేయడానికే అడ్డు చెబుతాను.

ప్రశ్న: నా వయసు 31. ములుగు దగ్గర టీచర్‌ను. పొద్దున బస్సెక్కే లోపల మూడుసార్లు బాత్రూమ్‌కు పోవాలి. ఇన్‌స్పెక్షన్ ఉందంటే నాలుగు. పోయాక నొప్పి తగ్గుతుంది. ఆదివారం ఏమీ ఉండదు. నాలుగేళ్లుగా ఇంతే. యూట్యూబ్‌లో క్రోన్స్ గురించి చూసినప్పటి నుంచి నిద్ర లేదు.

జవాబు: ఆదివారం సెలవు తీసుకునే క్రోన్స్‌ను నేనింతవరకు చూడలేదు. మీరు రాసినది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) లాగా ఉంది. పేగులో పుండు ఉండదు, పేగు తొందరపడుతుంది, టెన్షన్‌తో ఇంకా తొందరపడుతుంది. నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, ఇవేవీ మీరు రాయలేదు. యూట్యూబ్ వల్ల నిద్ర పట్టకపోవడం వేరు, మోషన్ వచ్చి మెలకువ రావడం వేరు. అయినా అనుమానం పీడిస్తుంటే హిమోగ్లోబిన్, సీఆర్‌పీతో పాటు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష చేయించుకోండి. అది మామూలుగా వస్తే పేగులో వాపు లేదని దాదాపు నమ్మవచ్చు. పరీక్షకు ముందు రెండు వారాలు నొప్పి గోళీలు వేసుకోవద్దు, లేకుంటే లేని జబ్బు చూపిస్తుంది. ఖాళీ కడుపున రెండు టీలు తాగే అలవాటుంటే ముందు అది మార్చి చూడండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, పరకాల. రెండేళ్లుగా క్రోన్స్‌కు అజాథయోప్రిన్ వాడుతున్నాను, ఇప్పుడు బాగున్నాను. సంబంధాలు చూస్తున్నారు. పెళ్లివాళ్లకు చెప్పొద్దని, పెళ్లయ్యాక మందు మానేయమని అమ్మ అంటోంది. పిల్లలకు కూడా వస్తుందా?

జవాబు: చెప్పాలమ్మా. నీతి కోసం అనడం లేదు, మందు కోసం అంటున్నాను. చెప్పకుండా అత్తారింటికి వెళ్లినవాళ్లు మాత్రలు చీరల మడతల్లో దాస్తారు, బంధువులొచ్చిన రోజు వేసుకోరు, రక్తపరీక్షకు వెళ్లడానికి సాకు దొరకదు, కొన్నాళ్లకు మందే ఆగిపోతుంది. జబ్బు తిరగబెట్టిన తర్వాత అందరికీ తెలుస్తుంది, అదీ చెడ్డ సమయంలో. మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి. గర్భానికి ప్రమాదం తెచ్చేది రేగిన జబ్బు. అణిగి ఉన్నప్పుడు గర్భం దాల్చినవాళ్లలో ఎక్కువమందికి సాఫీగానే జరుగుతుంది. అజాథయోప్రిన్‌ను మామూలుగా గర్భంలోనూ కొనసాగిస్తారు. మెథోట్రెక్సేట్ మాత్రం బిడ్డకు హాని చేస్తుంది. ఎప్పుడైనా మీ మందు దానికి మారిస్తే, పిల్లల కోసం అనుకోవడానికి కొన్ని నెలల ముందే డాక్టరుకు చెప్పి ఆపించుకోవాలి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువే, కానీ చాలామంది పిల్లలకు రాదు. అబ్బాయికి మీరే స్వయంగా, రిపోర్టు చూపించి, మామూలు మాటల్లో చెప్పండి. మధ్యవర్తితో చెప్పిస్తే జబ్బు పేరు ఊళ్లు దాటేసరికి క్యాన్సర్ అవుతుంది.

ప్రశ్న: మాది పెద్దపల్లి. మా బాబుకు 13 ఏళ్లు. క్లాసులో అందరికన్నా పొట్టి. హిమోగ్లోబిన్ 8 దాటదు, ఐరన్ టానిక్ ఏడాదిగా పోస్తున్నాం. నోట్లో తరచూ పుండ్లు. కడుపునొప్పి అంటాడు గానీ బడి ఎగ్గొట్టడానికని అనుకుంటున్నాం. నులిపురుగుల మందు కూడా వేశాం.

జవాబు: సారూ, పిల్లల్లో క్రోన్స్ ఒక్కోసారి విరేచనాలు లేకుండానే ఎదుగుదలను ఆపేస్తుంది. ఏడాది టానిక్ పోసినా హిమోగ్లోబిన్ పెరగలేదంటే ఐరన్ ఒంటికి పట్టడం లేదు, లేదా ఎక్కడో కారిపోతోంది. సీసా మారిస్తే సరిపోదు. మీవాడికి క్రోన్సే అని నేను అనడం లేదు. పొట్ట టీబీ, గోధుమ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి. కానీ కడుపునొప్పి, నోటిపుండ్లు, రక్తహీనత, ఎత్తు ఆగడం నాలుగూ ఒక్క పిల్లవాడిలో ఉంటే పిల్లల పేగుల డాక్టరు చూడాల్సిందే. సెలవు రోజుల్లో కూడా నొప్పి వస్తుందేమో, సగం అన్నం తిని లేచిపోతున్నాడేమో గమనించండి. మలద్వారం దగ్గర పగుళ్లు, చర్మం పొరలు ఉన్నాయేమో చూడమని డాక్టరును అడగండి. ఈ వయసు పిల్లలు సిగ్గుతో చెప్పరు. ఒకవేళ క్రోన్స్ అయినా పిల్లలకు ఒక మేలుంది: ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి ఆపి, డాక్టరు రాసిన పోషక ద్రవం మాత్రమే తాగించే వైద్యం వాళ్లలో స్టెరాయిడ్లతో సమానంగా పనిచేస్తుంది, ఎదుగుదలకూ దెబ్బ కొట్టదు. ఆలస్యం చేయకండి, ఎత్తు పెరగడానికి మిగిలిన సమయం కొన్నేళ్లే. వెళ్లేటప్పుడు బడిలో రాసిన పాత ఎత్తు, బరువు కొలతలేవైనా ఉంటే వెంట తీసుకెళ్లండి, ఏ ఏడాది దగ్గర ఆగిపోయాడో వాటిలోనే తెలుస్తుంది.